పైనుంచి పడుతున్నది స్నోనా, ఐస్ పెల్లెట్సా, గ్రాపెలా, వడగళ్లా? గుర్తుపట్టే పద్ధతి

పైనుంచి తెల్లగా ఏదో రాలితే స్నో, గట్టిగా టపటపా పడితే వడగళ్లు, చాలామందికి లెక్క ఈ రెండింటితోనే అయిపోతుంది. నిజానికి గడ్డకట్టి పడేవాటిలో ఏడెనిమిది రకాలున్నాయి, వాటిలో కొన్ని చూడ్డానికి ఒకేలా ఉన్నా పుట్టుక వేరు, కింద పడ్డాక చేసే నష్టం వేరు. స్నో పడుతుంటే జాగ్రత్తగా నెమ్మదిగా బండి నడుపుకుంటూ వెళ్లొచ్చు, అదే ఫ్రీజింగ్ రెయిన్, అంటే తగిలిన చోటే గడ్డకట్టే వాన, పడుతుంటే బండి అసలు బయటికే తీయకూడదు, గ్రాపెల్, అంటే నొక్కితే నలిగిపోయే తెల్ల గింజలు, దబదబా పడుతుంటే పైన ఉరుముల మేఘం ఉండే అవకాశం ఉంది కాబట్టి కొండ మీదున్నవాళ్లు కిందకి దిగే పనిలో ఉండాలి. అందుకే పేరు కరెక్ట్‌గా పట్టుకోవడం ముఖ్యం అంటున్నా.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా, ఇందులో కళ్లని మాత్రమే నమ్ముకుంటే చాలాసార్లు తప్పుతారు. గాల్లో పడుతున్నప్పుడు చూస్తే సగం రకాలు తెల్ల గీతలుగానే కనిపిస్తాయి. పట్టుకోవాలి, వేళ్ల మధ్య నొక్కి చూడాలి, పడ్డప్పుడు చప్పుడెలా ఉందో వినాలి, నేల మీద పడ్డాక ఎగురుతోందా అతుక్కుంటోందా చూడాలి. ఈ నాలుగూ చూసి, అది పైనుంచి ఏ దారిలో వచ్చుంటుందో ఒక్కసారి ఆలోచిస్తే పేరు దానంతటదే తేలిపోతుంది.

పెద్ద సామాను ఏం అక్కర్లేదు. ఒక నల్లటి గుడ్డ, ఉన్నిదైతే ఇంకా మంచిది ఎందుకంటే పోగుల చివర్ల మీద క్రిస్టల్ ఆగుతుంది, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్ ఒకటి, మిల్లీమీటర్లున్న స్కేలు, టార్చ్, చప్పుడు వినడానికి ఒక స్టీల్ ట్రే, బయట గాలి టెంపరేచర్ చూపించే థర్మామీటర్. గుడ్డనీ లెన్స్‌నీ ఓ పావుగంట ముందే బయట పైకప్పున్న చోట పెట్టేయండి, ఇంట్లోంచి వెచ్చగా పట్టుకెళ్తే పడిన క్రిస్టల్ మీరు కన్ను పెట్టేలోపే కరిగిపోతుంది. లెన్స్‌లోంచి చూసేటప్పుడు ఊపిరి దాని మీద పడకూడదు, మొహం పక్కకి తిప్పి వదలాలి, చిన్న విషయమే కానీ మొదట్లో క్రిస్టల్స్ ఎక్కువగా పోయేది దీనివల్లే. రాత్రిపూట అయితే టార్చ్ పక్కనుంచి అడ్డంగా వేయండి, అప్పుడు గింజ లోపలిదాకా వెలుగు పోతోందా లేక పైనే ఆగిపోయి తెల్లగా కనిపిస్తోందా అన్నది బాగా తెలుస్తుంది.

ముందు థర్మామీటర్ చూడండి

ఏదైనా చేతిలోకి తీసుకునే ముందే టెంపరేచర్ సగం పని చేసిపెడుతుంది. బయట ఇరవై డిగ్రీలు దాటి ఉండి గడ్డలు పడుతున్నాయంటే అవి వడగళ్లే, ఇంకేవీ కావు, ఎందుకంటే అంత వెచ్చటి గాల్లోంచి కరిగిపోకుండా నేలదాకా రావాలంటే గడ్డ పెద్దదై ఉండాలి, వేగంగా పడాలి, ఆ రెండూ వడగళ్లకే సాధ్యం. సున్నా కంటే నాలుగైదు డిగ్రీలు పైనుండి జల్లులు జల్లులుగా తెల్లటి గింజలు పడుతుంటే గ్రాపెల్ అని అనుమానించండి. సున్నా కింద ఉండి టిక్ టిక్ మని చప్పుడొస్తుంటే ఐస్ పెల్లెట్స్, అంటే గట్టి ఐస్ గింజలు. సున్నా కింద ఉండి మామూలు వాన పడుతున్నట్టు కనిపిస్తుంటే మాత్రం అక్కడే ఆగండి, దాని గురించి కింద విడిగా చెప్తా.

స్నో సంగతికొస్తే సున్నా దగ్గర గీత గీసినట్టు ఉండదు. ప్లస్ రెండు మూడు డిగ్రీల్లో కూడా స్నో నేలదాకా వస్తుంది, ముఖ్యంగా గాలి పొడిగా ఉన్నప్పుడు, ఎందుకంటే పడే రేకుల నుంచి తేమ ఆవిరైపోతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది, కరగడానికి కావాల్సిన వేడిని కూడా ఆ గాలి నుంచే లాక్కుంటుంది. అందుకే వానగా మొదలై ఓ గంటకి టెంపరేచర్ పడిపోయి స్నోగా మారడం చాలా మామూలు విషయం. థర్మామీటర్ ప్లస్ రెండు చూపిస్తోంది కాబట్టి ఇది స్నో కాదు అని తీసిపారేయకండి.

దారి అర్థమైతే పేరు వచ్చేస్తుంది

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. చలికాలంలో ఆకాశమంతా కమ్ముకునే మందపాటి మేఘాల్లో, పైన చాలా చల్లగా ఉండే చోట, దాదాపు అంతా స్నోగానే మొదలవుతుంది. నేలదాకా గాలి సున్నా కిందే ఉంటే అది స్నోగానే దిగుతుంది, కథ అయిపోయింది. చిక్కల్లా మధ్యలో వెచ్చటి గాలి పొర ఒకటి దూరినప్పుడు వస్తుంది. నేల దగ్గర చల్లటి గాలి బరువుగా కూర్చుని ఉంటుంది, వెచ్చటి గాలి దాన్ని కదపలేక దాని మీదుగా ఎక్కి వస్తుంది, అంటే పైన చలి, మధ్యలో వెచ్చన, కింద మళ్లీ చలి.

ఆ మధ్య పొరలో టెంపరేచర్ ఎంత ఎక్కువకి పోయింది అన్నదాని మీదే కింద మనకి ఏం పడుతుందో ఆధారపడుతుంది. ఒక డిగ్రీ లోపే ఉంటే రేకులు అంచుల్లో కొంచెం తడిసినా స్నోగానే దిగుతాయి. ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే రేకు చాలావరకు కరిగి బొట్టవుతుంది కానీ లోపల చిన్న ఐస్ ముక్క మిగిలిపోతుంది, కింద చల్లటి పొరలోకి రాగానే ఆ మిగిలిన ముక్క ఆధారంగా బొట్టంతా మళ్లీ గట్టిపడిపోతుంది, అదే ఐస్ పెల్లెట్. మూడు దాటితే పూర్తిగా కరిగిపోతుంది, లోపల ఐస్ ఆనవాలే ఉండదు, అప్పుడు కింద మైనస్ ఐదు ఉన్నా సరే ఆ బొట్టు నీళ్లుగానే కిందదాకా వచ్చేస్తుంది, ఎందుకంటే గడ్డకట్టడం మొదలవడానికి దానికి పట్టు దొరకలేదు. సున్నా కిందకి వెళ్లినా నీళ్లుగానే ఉండిపోయే ఈ స్థితిని సూపర్‌కూల్డ్ అంటారు, స్వచ్ఛమైన చిన్న బొట్లు మేఘంలో సుమారు మైనస్ 38 దాకా కూడా అలా ఉండగలవు. ఆ ఒకటి, మూడు అనే అంకెలు ఫోర్‌కాస్టర్లు వాడే ఉజ్జాయింపు లెక్క, కింద చల్లటి పొర ఎంత మందంగా ఉంది, బొట్లు ఎంత పెద్దవి అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ తర్కం మాత్రం ఇదే.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, మధ్య పొరలో రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే చాలు కింద ఊరంతా మారిపోతుంది, ఒకే తుఫాను కింద ఒకే సమయంలో ఒకచోట స్నో, కొంచెం దూరంలో ఐస్ పెల్లెట్స్, ఇంకొంచెం దూరంలో కరెంటు తీగలు తెంపేసే ఫ్రీజింగ్ రెయిన్ పడుతుంటాయి. అందుకే ఫోర్‌కాస్ట్ ఇక్కడ ఎక్కువగా తప్పుతుంది, అందుకే నేల మీద నిలబడి చూసే మనిషి మాటకి విలువ.

గ్రాపెల్, వడగళ్లు ఈ దారిలో రావు. వాటికి మధ్యలో కరగడం, మళ్లీ గట్టిపడటం అనే కథ లేదు. గాలి గట్టిగా పైకి లేచే మేఘాల్లో సూపర్‌కూల్డ్ బొట్లు ఏదో ఒక క్రిస్టల్‌కో గింజకో వచ్చి గుద్దుకుని అక్కడికక్కడే అతుక్కుని గడ్డకడుతూ పోతాయి, అలా పెరిగి పెరిగి పడతాయి. ఐస్ పెల్లెట్ అంటే కరిగి మళ్లీ గడ్డకట్టినది, గ్రాపెల్ అంటే మీద మీద పేరుకున్నది, ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

చేతిలోకి తీసుకుని చూస్తే

అందరూ తికమకపడే మూడూ ఇవే, ఐస్ పెల్లెట్స్, గ్రాపెల్, చిన్న సైజు వడగళ్లు. మూడూ గింజలే, మూడూ ఎగిరి పడతాయి.

గ్రాపెల్‌ని గుడ్డ మీద పట్టి చూడండి. సాధారణంగా రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది, మొత్తం తెల్లగా, వెలుగు లోపలికి పోనివ్వకుండా, అచ్చం థర్మాకోల్ పూసలాగా ఉంటుంది, కొన్ని గుండ్రంగా, కొన్ని ఒకవైపు సన్నగా ఇంకోవైపు వెడల్పుగా శంకువు ఆకారంలో ఉంటాయి. లెన్స్ పెడితే ఉపరితలమంతా సన్న సన్న గడ్డల మయంగా గరుగ్గా కనిపిస్తుంది, ఆ ఒక్కో గడ్డా ఒక్కో మేఘం బొట్టు, తగిలిన చోటే తగిలినట్టు గడ్డకట్టినది. మధ్యలో ఇంకా గాలి ఉండబట్టే అది తెల్లగా ఉంది, మెత్తగానూ ఉంది. ఇప్పుడు రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి, కిస్ మని నలిగి పొడైపోతుంది. నేల గట్టిగా ఉంటే పడ్డప్పుడు కొంచెం ఎగురుతుంది, చాలాసార్లు ఎగిరినప్పుడే విరిగిపోతుంది కూడా. ట్రే మీద పడితే చప్పుడు ఉంటుంది కానీ మొద్దు చప్పుడు.

ఐస్ పెల్లెట్ దీనికి పూర్తిగా రివర్స్. పక్కనుంచి టార్చ్ వేస్తే వెలుగు లోపలికి పోతుంది, పూర్తి పారదర్శకంగానో, లోపల కాస్త మసకగానో ఉంటుంది, సైజు ఐదు మిల్లీమీటర్ల లోపే. వేళ్లతో ఎంత నొక్కినా నలగదు, గట్టిగా ఉంటుంది, జారిపోతుంది. ట్రే మీద పడితే టిక్ టిక్ మని పదునైన చప్పుడు, కిటికీ అద్దానికి తగిలితే ఇంట్లోంచే వినిపిస్తుంది, తలుపులు తీయకుండానే ఐస్ పెల్లెట్స్ అని చెప్పగలిగేది ఈ చప్పుడుతోనే. లెన్స్‌లో ఇంకా శ్రద్ధగా చూస్తే కొన్నిటికి ఒక పక్క చిన్న ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది, కొన్ని పగిలిన పెంకులుగా ఉంటాయి. ఎందుకంటే బొట్టు ముందు బయటివైపు గడ్డకడుతుంది, లోపల నీళ్లు ఇంకా మిగిలుంటాయి, ఆ నీళ్లు కూడా గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తాయి, చోటు లేక పెంకుని చీల్చుకుని బయటికి వస్తాయి. ఒక్కోసారి లోపల నీళ్లు ఉండగానే నేలకి తగిలి పగులుతాయి, ట్రే మీద పెంకు ముక్కలతో పాటు చిన్న తడి మరక కనిపిస్తే అదే సంగతి. ఆ ముక్కు, ఆ పగిలిన పెంకు గ్రాపెల్‌కి ఎప్పుడూ ఉండవు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. అమెరికాలో స్లీట్ అంటే ఈ ఐస్ పెల్లెట్సే, బ్రిటన్‌లో స్లీట్ అంటే వానా స్నో కలిసి పడటం, కాబట్టి ఫోన్‌లో వెదర్ యాప్ స్లీట్ అని చూపిస్తే అది ఎవరి పద్ధతి ప్రకారం చెప్తోందో చూస్కోండి, రెండింటికీ రోడ్డు మీద తేడా చాలా ఉంటుంది. నేనైతే ఈ గొడవ లేకుండా ఐస్ పెల్లెట్స్ అనే రాస్తా.

ఇక వడగళ్లు. ఐదు మిల్లీమీటర్లు, అంతకంటే పెద్దవి అయితేనే వడగళ్లు అనాలని అంతర్జాతీయంగా పెట్టుకున్న లెక్క. అంతకంటే చిన్నవి, కానీ గ్రాపెల్‌లాగా నలగకుండా పైన సన్నటి ఐస్ పొరతో గట్టిగా మసకగా ఉండేవి చిన్న వడగళ్లు, గ్రాపెల్ గింజ ఒకటి కొంచెం తడిసి పైపైన గట్టిపడితే అలా తయారవుతుంది, గ్రాపెల్‌కీ వడగళ్లకీ మధ్య రకం అనుకోండి. ఐస్ పెల్లెట్స్ అని పొరబడేది దీన్నే, అప్పుడు గింజని చూసి కొట్టుకోకండి, ఆకాశం చూడండి. ఐస్ పెల్లెట్స్ బూడిదరంగు మేఘం ఆకాశమంతా పరుచుకున్నప్పుడు గంటల తరబడి ఒకే తీరుగా పడతాయి. వడగళ్లు, గ్రాపెల్ విడివిడిగా నిలువుగా పెరిగిన మేఘాల నుంచి కాసేపు దబదబా పడి ఆగిపోతాయి, మధ్యలో ఎండ కూడా రావచ్చు.

పెద్ద వడగండ్ల గడ్డ దొరికితే మాత్రం దాన్ని వృథా చేయకండి. వాన పూర్తిగా ఆగాక, ఉరుములు దూరమయ్యాక తెచ్చి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టండి. తర్వాత వేడి చేసిన చాకుతో మధ్యకి కోస్తే లోపల తెల్ల పొర, పారదర్శకమైన పొర ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. బాగా చల్లగా ఉన్న చోట బొట్లు తగలగానే టక్కున గడ్డకడతాయి, గాలి బుడగలు లోపలే ఇరుక్కుంటాయి, అది తెల్ల పొర. నీళ్లు ఎక్కువగా ఉన్న చోట తడితడిగా నెమ్మదిగా గడ్డకడుతుంది, బుడగలు బయటికి పోయే టైం ఉంటుంది, అది పారదర్శకమైన పొర. పాత పుస్తకాల్లో ఒక్కో పొరకీ గడ్డ ఒకసారి పైకీ కిందకీ తిరిగిందని రాసేవాళ్లు, ఇప్పుడు అలా అనుకోవడం లేదు, మేఘంలో ఒకే ప్రయాణంలో రకరకాల చోట్ల మీదుగా పోతూ కూడా ఈ పొరలన్నీ ఏర్పడతాయి, కాబట్టి పొరలు లెక్కపెట్టి ఇన్నిసార్లు పైకెళ్లింది అని చెప్పకండి.

వడగళ్లు పడుతున్నప్పుడు మాత్రం బయటికెళ్లి కొలవొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. రెండున్నర సెంటీమీటర్ల గడ్డ గంటకి నలభై కిలోమీటర్ల పైన వేగంతో తగులుతుంది, ఐదు సెంటీమీటర్లు దాటితే డెబ్బై పైనే. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్ దగ్గర ఒకే వడగండ్ల వానలో 246 మంది చనిపోయారు, ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్ల వల్ల ఎక్కువమంది పోయింది అప్పుడే. రికార్డైన వాటిలో అన్నిటికంటే బరువైన గడ్డ 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్ గోపాల్‌గంజ్‌లో పడింది, 1.02 కిలోలు. వెడల్పులో రికార్డు 2010 జూలై 23న అమెరికా సౌత్ డకోటాలోని వివియన్‌లో పడిన గడ్డది, సుమారు 20 సెంటీమీటర్లు. మీరు ఇంట్లో ఉన్నప్పుడు పడిన వడగళ్ల సైజు తెలియాలంటే థర్మాకోల్ షీట్ మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి బయట కదలకుండా పెట్టేయండి, ఆగాక ఫాయిల్ మీద పడ్డ సొట్టల్ని కొలిస్తే సరిపోతుంది, వాతావరణ వాలంటీర్లు హెయిల్ ప్యాడ్ అని వాడేది ఇదే.

ఫ్రీజింగ్ రెయిన్: పైకి కాదు, రెయిలింగ్ వైపు చూడండి

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దీనికి, గుర్తుపట్టడం కష్టమైందీ ఇదే, ఎందుకంటే పడుతున్నప్పుడు ఇది ఉత్త వాన. గుడ్డ మీద పట్టినా నీళ్లే, చప్పుడు కూడా వాన చప్పుడే, తెల్లగా ఏం ఉండదు. కానీ ఆ బొట్టు సున్నా కింద ఉంది, దేనికి తగిలితే దాని మీద పరుచుకుని గట్టిపడిపోతుంది. కచ్చితంగా చెప్పాలంటే గడ్డకట్టి పడేది కాదు, పడి గడ్డకట్టేది, అయినా ఇక్కడ చెప్పకపోతే ఈ గైడ్ రాసి ఉపయోగం లేదు.

టెంపరేచర్ సున్నా దగ్గరో కిందో ఉండి వాన పడుతోందంటే ఆకాశం చూడ్డం మానేసి చుట్టూ సన్నగా, నేలకి ఎత్తులో ఉన్నవాటిని చూడండి, మెట్ల రెయిలింగ్, చెట్ల సన్న కొమ్మలు, తీగలు, కారు సైడ్ మిర్రర్, యాంటెన్నా. ఇవి త్వరగా చల్లబడతాయి కాబట్టి ముందు వీటి మీదే ఐస్ పడుతుంది. రోడ్డు నేల వేడితో ఇంకా తడిగానే ఉండొచ్చు, రోడ్డు బాగానే ఉంది కదా అనుకుని బయల్దేరితే ముందు వచ్చే ఫ్లైఓవర్ మీదో వంతెన మీదో బండి చేయి దాటిపోతుంది, ఎందుకంటే వంతెనకి కింద కూడా చల్లగాలే తగులుతుంది, అది రోడ్డు కంటే ముందే గడ్డకడుతుంది. రెయిలింగ్‌ని గోరుతో గీకండి, తడి అయితే వేలికి నీళ్లు అంటుతాయి, ఐస్ అయితే గోరు జారుతుంది. కొమ్మని కొంచెం వంచితే పైన ఐస్ పొర టప్ మని పగిలినా అదే గుర్తు. ముందు అడుగు వేసే చోట నేలని చెప్పు అంచుతో రుద్ది చూడండి, రెయిలింగ్ పట్టుకుని.

ఇది ఎంత పని చేస్తుందో చెప్పాలంటే 1998 జనవరిలో కెనడాలో క్యూబెక్, ఆంటారియోల్లో, పక్కనే ఉన్న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇది రోజుల తరబడి పడింది, పేరుకున్న ఐస్ బరువుకి స్టీల్ ట్రాన్స్‌మిషన్ టవర్లు వెయ్యి దాకా కూలిపోయాయి, లక్షల ఇళ్లకి నడిచలికాలంలో కరెంటు పోయింది. అమెరికా వెదర్ సర్వీస్ వాళ్లు మామూలుగా ఆరు మిల్లీమీటర్ల ఐస్ పేరుకుంటుందంటేనే ఐస్ స్టార్మ్ హెచ్చరిక ఇస్తారు. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, స్కేలు మీద చూడండి, కొమ్మ చుట్టూ అంత మందం ఐస్ అంటే ఎంత బరువో అర్థమవుతుంది.

ఇందులోనే సన్న తుంపర రకం ఉంది, ఫ్రీజింగ్ డ్రిజిల్. బొట్లు అర మిల్లీమీటర్ కంటే చిన్నవి, వాన పడుతోందనే అనిపించదు, పొగమంచు కొంచెం తడిగా ఉన్నట్టుంటుంది, అయినా పది నిమిషాల్లో విండ్‌షీల్డ్ మీద పొర కట్టేస్తుంది. విమానాలకి ఇది మరీ ప్రమాదం, 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 విమానం ఇలాంటి సూపర్‌కూల్డ్ తుంపరలో రెక్కల మీద ఐస్ పేరుకుని కూలింది, 68 మంది చనిపోయారు. పైలట్లకి నేర్పే ఒక సూత్రం మనకీ పనికొస్తుంది, నేల మీద ఐస్ పెల్లెట్స్ పడుతున్నాయంటే పైన ఎక్కడో వెచ్చటి పొర ఉన్నట్టే, ఫ్రీజింగ్ రెయిన్ ఉండే అవకాశం ఉన్నట్టే. అంటే ఐస్ పెల్లెట్స్ మొదలయ్యాయంటే పరిస్థితి ఎటు తిరుగుతుందో కనిపెట్టుకుని ఉండాలి.

స్నోలోనే ఎన్నో రకాలు

స్నో గుర్తుపట్టడం తేలిక, నెమ్మదిగా సెకనుకి ఒక మీటర్ చొప్పున ఊగుతూ పడుతుంది, చప్పుడు ఉండదు, ఎగరదు. పడిన రేకు ఒక్క క్రిస్టల్ కాదు, చాలాసార్లు పదులు, వందల క్రిస్టల్స్ కలిసి అతుక్కున్న గుంపు. సున్నాకి దగ్గర్లో క్రిస్టల్స్ జిగురుగా ఉంటాయి కాబట్టి పెద్ద పెద్ద రేకులు పడుతున్నాయంటే గాలి సున్నాకి చాలా దగ్గర్లో ఉందని, కాసేపట్లో వానగా మారొచ్చని అనుకోవచ్చు.

విడి క్రిస్టల్స్ పడుతున్న రోజు మాత్రం లెన్స్ పట్టుకుని తప్పకుండా బయటికెళ్లండి. ఆరు కొమ్మలతో చెట్టు కొమ్మల్లాగా చీలిపోయిన నక్షత్రాలు కనిపిస్తే అవి మైనస్ 15 దగ్గరి మేఘంలో పెరిగాయి, సన్న సూదులు కనిపిస్తే మైనస్ 5 దగ్గర, మామూలు ఆరుకోణాల పలకలైతే మైనస్ 2 దగ్గరో మైనస్ 10, 12 దగ్గరో. అంటే చేతిమీద ఉన్న క్రిస్టల్ చూసి పైన మేఘం ఎంత చల్లగా ఉందో చెప్పొచ్చు, నాకైతే ఈ మొత్తం విషయంలో దీన్ని మించింది లేదు. ఈ లెక్క తేల్చింది జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా, 1936లో హొక్కైడోలో కుందేలు వెంట్రుక మీద ల్యాబ్‌లో స్నో క్రిస్టల్ పెంచి, టెంపరేచర్ తేమ మారుస్తూ ఆకారాలు ఎలా మారతాయో చూశాడు. అంతకు చాలా ముందే, 1885లో అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి ఒక్క క్రిస్టల్‌ని ఫోటో తీశాడు, జీవితంలో ఐదు వేలకి పైగా తీశాడు. క్రిస్టల్ అంచులు పదునుగా కాకుండా మీద తెల్ల చుక్కలు అంటుకుని ఉంటే మేఘం బొట్లు అతుక్కోవడం మొదలైందని అర్థం, అది ఇంకా ముదిరి క్రిస్టల్ ఆకారమే కనపడకుండా పోతే అదే గ్రాపెల్. ఒకే జల్లులో ఈ దశలన్నీ ఒకదాని పక్కన ఒకటి గుడ్డ మీద దొరుకుతాయి.

మిగిలిన రెండూ తొందరగా చెప్పేస్తా. స్నో గ్రెయిన్స్ అంటే ఒక మిల్లీమీటర్ కంటే చిన్న తెల్ల నలుసులు, పల్చటి కింది మేఘం నుంచో పొగమంచు నుంచో కొద్దికొద్దిగా రాలతాయి, ఎగరవు, పగలవు, తుంపర గడ్డకట్టి రాలినట్టు ఉంటుంది, గ్రాపెల్‌తో తేడా సైజూ ఎగరకపోవడమూ. డైమండ్ డస్ట్ అంటే బాగా చలిగా ఉన్నప్పుడు, మేఘం లేకుండానే గాల్లో మెరుస్తూ తేలే సన్న ఐస్ పలకలు, ఎండ పడితేనో లైటు పడితేనో కనిపిస్తాయి, లేకపోతే ఉన్నాయనే తెలీదు. సూర్యుడి చుట్టూ వలయం, రెండు పక్కలా మెరిసే మచ్చలు, రాత్రి వీధిలైట్ల మీద నిలువుగా వెలుగు స్తంభాలు కనిపించి ఆకాశం నిర్మలంగా ఉంటే ఇదే అనుకోండి.

పొద్దున లేచేసరికి గడ్డి మీదా కారు మీదా ఉన్న తెల్ల పూత అసలు పడింది కాదు, గాల్లో తేమ అక్కడికక్కడే ఐస్‌గా మారి పేరుకున్నది. నిర్మలమైన, గాలి లేని రాత్రి తర్వాత కనిపిస్తే అది ఫ్రాస్ట్. స్తంభాలకీ కొమ్మలకీ గాలి వీచిన వైపు మాత్రమే తెల్లగా పేరుకుంటే పొగమంచు బొట్లు తగిలి గడ్డకట్టిన రైమ్. ఈ రెండింటినీ రికార్డులో పడిన స్నో కింద వేయకూడదు.

రాసుకునేటప్పుడు

మీరు పెట్టిన పేరు కరెక్టో కాదో చూస్కోవడానికి దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఉంటే దాని మెటార్ రిపోర్ట్, అంటే విమానాల కోసం ఇచ్చే వాతావరణ రిపోర్ట్, ఆన్‌లైన్‌లో చూడండి. ఎస్ఎన్ అంటే స్నో, పీఎల్ అంటే ఐస్ పెల్లెట్స్, జీఎస్ అంటే గ్రాపెల్ లేదా చిన్న వడగళ్లు, జీఆర్ అంటే వడగళ్లు, ఎస్‌జీ అంటే స్నో గ్రెయిన్స్, ముందు ఎఫ్‌జెడ్ ఉంటే ఫ్రీజింగ్. ఆటోమేటిక్ స్టేషన్లు ఒక్కోసారి యూపీ అని ఇస్తాయి, అంటే ఏదో పడుతోంది కానీ ఏంటో మెషీన్‌కి తేలలేదు అని. ఈ లోటు పూడ్చడానికే అమెరికాలో నేషనల్ సివియర్ స్టార్మ్స్ ల్యాబొరేటరీ వాళ్లు 2012లో ఎంపింగ్ అనే యాప్ పెట్టి, మీ దగ్గర ఏం పడుతోంది అని జనాన్నే అడగడం మొదలుపెట్టారు, వచ్చిన సమాధానాలతో రాడార్ లెక్కల్ని సరిచూసుకుంటారు.

రాసేటప్పుడు ఏ రకం అన్నదాంతో పాటు ఎప్పుడు మారింది అన్నది తప్పకుండా రాయండి, చాలామంది వదిలేసేది ఇదే. స్నో నుంచి ఐస్ పెల్లెట్స్‌కి, దాన్నుంచి ఫ్రీజింగ్ రెయిన్‌కి మారుతోందంటే పైన వెచ్చటి పొర బలపడుతోంది, ఇంకా కాసేపటికి నేల దగ్గర కూడా వేడెక్కితే మామూలు వాన అవుతుంది, లేకపోతే ఐస్ పేరుకుంటూనే ఉంటుంది. వెనక్కి, అంటే ఫ్రీజింగ్ రెయిన్ నుంచి పెల్లెట్స్‌కి, పెల్లెట్స్ నుంచి స్నోకి మారుతుంటే పైన చల్లబడుతోంది. రెండు కలిసి పడుతుంటే రెండూ రాయండి, ఏది ఎక్కువో ముందు రాయండి. లోతు కొలిచేటప్పుడు కూడా రకం చూస్కోవాలి, ఒక సెంటీమీటర్ నీళ్లు స్నోగా పడితే మామూలుగా పది సెంటీమీటర్ల దాకా పేరుకుంటుంది, పొడి స్నో అయితే ఇంకా ఎక్కువ, అవే నీళ్లు ఐస్ పెల్లెట్స్‌గా పడితే రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, కాబట్టి ఐస్ పెల్లెట్స్ పడిన రోజు లోతు తక్కువుందని తేలిగ్గా తీసుకోకండి, పారతో ఎత్తి చూస్తే బరువు తెలుస్తుంది. ఫ్రీజింగ్ రెయిన్‌కి లోతు కొలవరు, ఒక కొమ్మకో తీగకో పట్టిన ఐస్ మందం ఎక్కువున్న వైపూ తక్కువున్న వైపూ కొలిచి, రెండింటి సగటు తీసి, టైం పక్కన రాసుకుంటే సరిపోతుంది.